నైలాన్ తాడు సాక్ష్యం

మా తమ్ముడు పీకల్లోతు వరదలోకి దూకి, ఈదుకుంటూ వెళ్ళి, ఆటోలో చిక్కుకున్న ఆడవాళ్ళను కాపాడాడని తిరువూరులో ఎవరినడిగినా చెబుతారు. అబద్ధం. దూకలేదు, దిగాడు. అదీ ప్యాంటు మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని మరీ దిగాడు. నీళ్ళు పీకల దాకా కాదు, తొడల దాకా. ఇక ఈత సంగతంటారా, చిన్నప్పుడు బావిలోకి దింపితే నా మెడ పట్టుకుని నన్నే ముంచబోయిన ఘనుడు వాడు.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, ఆ రోజు వాడి బండి వెనక కూర్చున్నది నేనే కనుక.

గంపలగూడెం నుంచి వస్తున్నాం. ఒకటే వాన. చప్టా మునిగి, రోడ్డు మీదుగా వాగు పారుతోంది. సరిగ్గా మధ్యలో ఒక షేర్ ఆటో ఆగిపోయింది. లోపల పత్తి తీతకు వెళ్ళొస్తున్న ఆడకూలీలు కేకలు పెడుతున్నారు. మావాడు బండి ఆపి, "అక్కా, వెనక్కి పోదాం. ఫోన్ చేస్తే ఎవరో ఒకరు వస్తారు" అన్నాడు.

"ఎవరో వచ్చేదాకా వాగు ఆగుద్దంట్రా? ఆ మీసాలెందుకు నీకు? దిగు!" అన్నాను. గేదె పలుపులకని కొన్న నైలాన్ తాడు చుట్ట బండికి వేలాడుతోంది. ఒక కొస తుమ్మచెట్టుకీ, రెండో కొస వాడి నడుముకీ ముడులు వేసింది నేను.

అవతలి గట్టు మీద ఎవరో ఫోన్లో వీడియో తీశారు. అందులో ముసలమ్మను వీపున వేసుకుని వస్తున్న మా తమ్ముడున్నాడు. నేను లేను. నా గొంతు మాత్రం ఉండేది: "ఒరేయ్, ఆ చెప్పులు పారెయ్యరా వెధవా!" అని. వారం తిరక్కుండా ఎవరో పుణ్యాత్ములు దాని మీద కూడా డప్పులూ బాకాలూ పెట్టేశారు.

అప్పట్నుంచి ఊళ్ళో నాకు పేరు లేదు. ఎమ్మే చదివాను, ఏళ్ళ తరబడి బళ్ళో సోషల్ చెబుతున్నాను. అయినా బజారుకెళ్తే "ఆ బాబు వాళ్ళక్కండీ" అని కొసరు కరివేపాకు వేస్తారు. నా క్లాసులోనే పిల్లలు, "టీచర్, మీ తమ్ముడుగారు మన స్కూలుకి ఎప్పుడొస్తారు?" అంటారు. కప్పిన శాలువాలతో వాడి బీరువా తలుపు పడటం లేదు. మా ఊరి ఎండలకి అన్ని శాలువాలేం చేసుకుంటాడో! నాకు శాలువా వద్దు. నేనూ ఆ గట్టున ఉన్నానని ఒక్కసారి, ఒక్కచోట, నలుగురు వింటే చాలు.

మా చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టారు. "ఎవరైనా సాక్ష్యం చెబుతారా?" అని పాస్టరుగారు అడగ్గానే లేచాను. సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు నలుగురిలో నిలబడి చెప్పటం. వినేవాళ్ళు మాటమాటకీ స్తోత్రం అంటారు. ఆ రెండో సంగతి నేను ఆలోచించుకోలేదు.

"మా తమ్ముడికి ఈత రాదండి" అన్నాను.

"స్తోత్రం!" అంది చర్చంతా. "రాకపోయినా దిగాడు చూడండి!" అని వెనక ఎవరో ముక్కు చీదారు.

"నీళ్ళు తొడల దాకానే ఉన్నాయండి."

"నీళ్ళు తగ్గించిన దేవునికి స్తోత్రం!"

"వాడు వెనక్కి పోదామన్నాడు. నేనే తిట్టి దింపాను."

ఈసారి స్తోత్రం వినపడలేదు. హమ్మయ్య అనుకున్నాను. పక్క చాప మీది మామ్మగారు కళ్ళొత్తుకుంటూ, "అక్క మాటంటే ఎంత గౌరవమో బిడ్డకి!" అన్నారు.

"తాడు కట్టింది నేను!" అని అరిచాను.

పాస్టరుగారు మైకు అందుకున్నారు. "ఆ తాడేంటో మనందరికీ తెలుసు. విశ్వాసమనే తాడు!"

"కాదండీ, నైలాన్ తాడు."

"ఆమేన్!"

కూర్చున్నాను. ఇంకో నిజం చెబితే వాడికి ఇంకో శాలువా ఖాయం.

తర్వాత భోజనాల దగ్గర బిర్యానీ ప్లేటుతో సహా వాణ్ణి పక్కకి లాగాను. "ముందు వరసలో కూర్చుని బెల్లం కొట్టిన రాయిలా చూస్తావేంట్రా? అక్క కూడా ఉందని చెబితే నీ సొమ్మేం పోయింది?"

"మొదట్నుంచీ చెబుతూనే ఉన్నానక్కా, మా అక్క తిడితే దిగానని. అందరూ జోకనుకుని నవ్వుతున్నారు."

వాడు అబద్ధమాడడు. అదొక దరిద్రం, కోపం కూడా నిలబడనివ్వడు.

"పోనీ, నువ్వు తిట్టకపోతే దిగేవాణ్ణి కాదని ఇప్పుడే మైకులో చెప్పనా?" అన్నాడు.

చెప్పమందామని నోరు తెరిచి ఆగిపోయాను. నేను తిట్టి దింపింది ఒక్కసారే. మొదట ఒకామెను గట్టెక్కించేసరికి వాడి పెదాలు వణుకుతున్నాయి, నీళ్ళు పెరుగుతున్నాయి. నాకే భయమేసింది. నేనేదో అనేలోపే వాడు వెనక్కి తిరిగి మళ్ళీ వాగులోకి నడిచాడు. ముసలమ్మను తెచ్చింది అప్పుడే.

ఆ సంగతే అడిగితే, "చల్లారిపోతోంది, తినక్కా" అన్నాడు. ఇప్పటికీ ఎప్పుడడిగినా అలాగే ఏదో ఒకటి అని తప్పించుకుంటాడు. నేను వదిలే రకం కాదు. మొదటిసారి నేను తోశాను, ఒప్పుకున్నాం. రెండోసారి నిన్నెవరు తోశార్రా?