చచ్చినవాళ్ళను నవ్వించే యతిరాజులు

మా యతిరాజులన్నకు ఒకటే చాదస్తం. తన బొమ్మల కథలో ఎవరు చచ్చినా సరే, పక్క గడిలోనే వాళ్ళ చేత కళ్ళు తెరిపించి, పళ్ళన్నీ కనబడేట్టు నవ్వించాలి. ఆ నవ్వు గీసేదాకా కుంచె కడగడు, కాఫీ ముట్టడు.

ఆ కథ అచ్చులో వచ్చేది కాదు. తొంభైల చివర మద్రాసు కోడంబాక్కంలో బ్రౌజింగ్ సెంటర్లు కొత్తగా వెలిసిన రోజులవి. ఒకప్పుడు స్టూడియోల్లో తెరల మీద కొండలూ కోటలూ ఆకాశాలూ రాసిన మనిషి, ఆ పని తగ్గాక తన కథ తానే గీసుకుని, వారానికొక పేజీ ఇంటర్నెట్‌లో పెట్టించేవాడు. కథ జరిగేది రెండు ప్రపంచ యుద్ధాల నడిమి కాలంలో. అయితే అది మనం చదువుకున్న చరిత్ర కాదు. అందులో రాయపురం రేవు నుంచి ఓడలు గాలిలో బయల్దేరతాయి. ఒక ముసలి కెప్టెన్, రెండో యుద్ధం రాకుండా ఆపాలని దేశదేశాలు తిరుగుతుంటాడు. బొమ్మల్లో మాటలు రాసే భాగ్యం నాది. మా పల్లె బడిలో పలక మీద దిద్దిన అక్షరాలు, దేవుడి దయవల్ల, అట్లా లోకమంతా తిరిగాయి.

ఒకసారి విలన్‌ను గాలి ఓడలోంచి తోసేశారు. కింద బంగాళాఖాతం. చదివేవాడు గుండె పట్టుకుని పక్క గడికి పోతే, ఆ విలనే తడిబట్టలతో, పెళ్ళి ఫొటోకు నిలబడ్డట్టు నవ్వుతున్నాడు.

బ్రౌజింగ్ సెంటర్లో మా పేజీలు స్కాన్ చేసే కోకిలకు ఒళ్ళు మండింది.

"తాతా, వీడు చచ్చినాడా లేదా? చదివేవాళ్ళు నన్ను అడుగుతుండారు."

"చచ్చినాడు మే. కథలో చచ్చినాడు. మనిషి బాగుండాడు."

"మరి ఈ నవ్వేంది?"

"అది కథలో లేదు."

"పేజీలో ఉందే."

"ఉంటే ఉండనీ. నీకేమన్నా అడ్డమా?"

ఇది సినిమావాళ్ళ ఆచారం. శవంగా పడుకున్న నటుడు లేచి కెమెరా వైపు నవ్వాలి. దిష్టి పోవడానికి ఆ నవ్వునూ తీస్తారు. యతిరాజులన్న ఎదుట కూర్చుని ఆయన పాత్రలకు ముఖాలిచ్చింది మా వీధివాళ్ళే. టీకొట్టు కన్నియమ్మ శత్రుదేశపు రాణిగా విషం తాగి, పక్క గడిలో నవ్వి, మర్నాడు పొద్దున్నే నాకు టీ పోసింది.

కెప్టెన్ ముఖం మాత్రం తంగరాజుది. పాతకాలపు సినిమా ఫైటరు. వీరుడు గనక కథలో చచ్చే అవసరం రాలేదు. ఆ ఏడు ఆయనకు గుండె ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆలస్యం చేస్తే ప్రాణానికి పూచీ లేదన్నారు. తంగరాజు మాత్రం మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు.

"నేను రానబ్బా. నా కడపటి సినిమాలో శవం వేషం వేసినా. షాట్ అయ్యీ కాకముందే కరెంటు పోయింది, అందరూ ఇళ్ళకు పోయినారు. నా నవ్వు తియ్యనే లేదు. ఆడ మత్తిచ్చి పడుకోబెడితే మళ్ళా లేస్తానా?"

నేను తిరుమల ప్రసాదం చేతిలో పెట్టాను. కళ్ళకద్దుకుని తిన్నాడు. కదల్లేదు.

కథలో అప్పుడు రెండు దేశాల గాలి ఓడలు యుద్ధానికి ఎదురెదురుగా నిలిచి ఉన్నాయి. యతిరాజులన్న వాటిని ఆకాశంలోనే వదిలేసి వచ్చి, మంచం పక్కన కూర్చున్నాడు.

"ఆ సినిమాలో యాడ పడినావు?"

"మెట్ల కింద."

"చొక్కా?"

"చారలది."

అక్కడే కూర్చుని గీశాడు. ఒక చిన్న గడిలో మెట్ల కింద తంగరాజు శవం. మిగిలిన పేజీ అంతా తంగరాజు నవ్వు.

తంగరాజు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "బొమ్మ నవ్వితే చాలునా? కెమెరా ముందర గదా నవ్వాల?"

ఆయన్ను ఆటోలో కోకిల దగ్గరికి తీసుకుపోయాం. సంగతి విని ఆ పిల్ల నవ్వలేదు. పేజీని స్కానరు మీద బోర్లా పెట్టి, "ఇదీ కెమెరానే తాతా. చూడండి, లైటు మీ ముఖం మింద పోతుండాది" అంది. యతిరాజులన్న గొంతు సవరించుకుని, డైరెక్టరులా "స్టార్ట్" అన్నాడు. సన్నటి వెలుగు బొమ్మ కింద మెల్లగా జరిగింది. తంగరాజు దానికేసి చూస్తూ, తెలియకుండానే తానూ పళ్ళు బయటపెట్టాడు.

"కట్. ఓకే."

"సరి, పోదాం పా ఆస్పత్రికి" అన్నాడు తంగరాజు.

ఆపరేషన్ గది బయట అడిగాను. "అన్నా, ఇన్నేళ్ళూ ఆ నవ్వులు దిష్టి కోసమేనా?"

"దిష్టీ గిష్టీ నాకు నమ్మకం లేదు సామీ. శవం బొమ్మ అనేసరికి నా ముందర కూర్చున్నోళ్ళ ముఖం చిన్నబోతుంది. వాళ్ళను అట్నే ఇంటికి పంపేదెట్టా?"

తంగరాజు కళ్ళు తెరిచాడు. ఆ వారం కథలో ఆ నవ్వు పేజీనే పెట్టారు. కోకిలకు ఉత్తరాల మీద ఉత్తరాలు.

"తాతా, యుద్ధం నడిమధ్యలో కెప్టెన్ మాదిరుండే ఈ చారల చొక్కా ఆయన ఎవరని అడుగుతుండారు. ఏం రాయమంటావు?"

యతిరాజులన్న కుంచె కడుక్కుంటూ అన్నాడు.

"ఆయనకు ఒంట్లో బాగాలేదు, అందుకని రెండు పక్కలా యుద్ధం నిలిపేసినారని రాయి మే."