వెంకటనర్సమ్మక్క మీటింగు

వెంకటనర్సమ్మ నా తోడికోడలు. నేను అక్కా అనే పిలుస్త. నాచారంల మందుల ఫ్యాక్టరీల వెనక ఒక్కింట్లనే ఉన్నం. పొద్దుగూకంగ గాలి తిరిగితే తియ్యటి మందు వాసన వాకిలంత నిండేది. ఆ వాసనల అక్క పూలు అల్లుకుంట సన్నగ పాడేది. ఏం పాటనో ఎన్నడు తెలువలే, విన్నోళ్ళకు మాత్రం కండ్లు మూతలు పడేవి.

ఎనభై తొమ్మిదిల ఉప్పల్ రోడ్డు మీద లారీ గుద్ది మా ఆయన పోయిండు. దినాలనాడు నా గాజులు తీస్తుంటే అక్కనే నన్ను పట్టుకొని కూసున్నది. ఆ రోజులు నాకు నీళ్ళ అడుగునుంచి చూసినట్టు యాదికొస్తయి. మనుషుల నోర్లు కదులుతుండె, మాట వినపడకపోతుండె.

కొన్నాళ్ళకు అక్క అన్నం ముట్టుడు బంద్ చేసింది. ఎండల నిలవడి ఎవరితోనో మాట్లాడుతుండె. ఆమె భర్త కొమురెల్లి బావ ఆటోల తీస్కపోయి మనసు రోగాల దవాఖానాల షరీకు చేసిండు.

మందులతోని అక్క నిమ్మళమయ్యింది. తింటున్నది, పండుకుంటున్నది. కని బావ చూడబోతే మొకం గోడకు తిప్పుకుంటుండె. నా మొగడు పోయిండు, ఈ మనిషెవరో పంపియ్యిన్రి అంటుండె. ఆ మాట మానెదాక ఇంటికి పంపేది లేదని పెద్ద డాక్టరు చెప్పిండు. బావ ఇంటికొచ్చి తువ్వాల మొకం మీద కప్పుకొని పండుకునేటోడు. ఒకనాడు తువ్వాల కిందికెల్లే నన్ను అడిగిండు: "నేను బతికే ఉన్న గద బిడ్డా?"

అప్పుడే ఆ దవాఖానాకు ఛాయాదేవమ్మ అని సైకాలజిస్టు వచ్చింది. ఉప్పల్ల ఉంటుండె, మాటతీరు కోస్తా వైపుది. మందులిచ్చే డాక్టరు కాదు, కూసోని మాట్లాడే మనిషి. నేను చూడబోయిన దినం ఆమె అక్క మంచం మీదనే, అక్క పక్కన కూసొని ఉన్నది. అందరు అక్కను నీ మొగడు బతికున్నడా లేడా అని అడిగినోళ్ళే. ఈమె వేరే అడిగింది.

"ఆయన పోయాడని నీకు ఎవరు చెప్పారమ్మా?"

అక్క రెండు చేతులు ముందుకు చాపింది. "ఎవరు జెప్పాలె? నన్ను లోపలికి తెచ్చిననాడు గాజులు తీసిన్రు, పుస్తెలు తీసిన్రు. ఎందుకో ఒక్కరు నోరు తెరవలే. మా చెల్లెకు గూడ గిట్లనే తీసిన్రు, మొగడు పోతె."

నేను నా చేతులు కొంగుల పెట్టుకున్న. కిటికీల వెలుగు నీళ్ళలెక్క కదిలింది.

రోగులు తమకు తాము ఏమన్న చేసుకుంటరని అక్కడ అందరివి తీస్తరట. ఎందుకు తీస్తున్నమో చెప్పే అలవాటే లేదట. ఛాయాదేవమ్మ ఆ సంగతి అక్కకు ఎన్నోమార్లు మెల్లగ చెప్పింది. ఒకనాడు అక్క బావ గడ్డం ముట్టి చూసి, ఎందుకు గీసుకోలేదని తిట్టిందట. ఒక్కనాటి మాట నమ్మనని పెద్ద డాక్టరు ఇంక ఇంటికి పంపలే.

దవాఖానాను బాగుచేసెతందుకు కమిటీ వస్తున్నదంటె, ఛాయాదేవమ్మ అక్కను ఆ మీటింగుల కూసోబెడతనన్నది. రోగిదేం మాట, నువ్వే చెప్పరాదా అన్నడట పెద్ద డాక్టరు. నేను చెబితే అది నా మాటవుతుంది సార్ అన్నదట. మరి అందరి ముందల మొగడు సచ్చిండన్నదంటే ఇక ఇంటి సంగతి మరిచిపోన్రి అన్నడు. కమిటీ వచ్చిన దినం బావ లోపలికి రాకుండ బయట క్యాంటీన్ల కూసున్నడు. నన్ను తలుపు పక్కన ఉండనిచ్చిన్రు.

పొడుగు బల్ల. ఫ్యాను తిరుగుతుంటే తెల్ల పరదాలు మబ్బుల్లెక్క ఊగుతున్నయి. నడుమల కూసున్న అచ్యుతరావు అనే ఆఫీసరు, నీ భర్త ఎక్కడమ్మా అని అడిగిండు. పెద్ద డాక్టరు కలం పట్టుకున్నడు. అక్క కిటికీలకెల్లి చానసేపు చూసింది.

"గా క్యాంటీన్ల ఉన్నడు సారు. నాకు జెప్పకుండ రెండో చాయ్ తాగుతుండు."

అచ్యుతరావు నవ్విండు. అక్క నవ్వలే.

"తీసుడు తప్పంటలేను. తీసెటప్పుడు, నీ మొగడు మంచిగున్నడమ్మా, గిందుకు తీస్తున్నం అని ఒక్క మాట జెప్పున్రి. గుంజితె తెగేటి పసుపుదారం ఒకటి మెడల ఉండనియ్యున్రి. బోడి మెడతోని మందు మింగినా లోపలికి దిగది."

ఆ నెలలనే వార్డుల పసుపుదారాలు వచ్చినయి. ఆ నెలలనే అక్క ఇంటికొచ్చింది. తియ్యటి మందు గాలి, పూలు, ఆ తెలువని పాట.

ఇక నుంచి కమిటీల రోగుల తరఫున ఒకరు ఉండాలని ఛాయాదేవమ్మ పట్టుబట్టి, అక్కకే కబురు పంపింది. బయటపడ్డ జాగకు మళ్ళ పోవుడేంది, నలుగురు ఏమంటరు అన్నడు బావ.

"లోపలున్నోళ్ళ తరఫున నువ్వు మాట్లాడుతవా? పప్పు ఉడికింది, పోపు వేస్కో. నాకు మీటింగున్నది" అన్నది అక్క కొప్పు ముడుసుకుంట.

వాకిట్లకు పోయి నా దిక్కు చూసింది. నువ్వు గూడ రా చెల్లె అన్నది. మా ఆయన పోయినంక నేను బజారుకు గూడ ఊకె పోయినదాన్ని కాదు. చెప్పులు ఎక్కడున్నయో ఎతుక్కొని, తొడుక్కొని, ఆమె ఎనక నడిచిన.