కంబన్న కింద పెట్టిన కొయ్యసుత్తి

మా ఊళ్లో మంచితనం చావిడి ముందర కొయ్యలో ఉండేది. ఎగతాళికి అనడం లేదు. తప్పు చేసినవాడి కాళ్లు రెండు పలకల మధ్య బొక్కల్లో పెట్టి, పలకలు కదలకుండా చీల దిగ్గొడితే, పొద్దు గూకేదాకా వాడు ఎండలో కూర్చోవాల్సిందే. దాన్ని బొండకొయ్య అనేవాళ్లు. చీల కొట్టే పని తలారి కంబన్నది. ఆ తలారితనానికి ఇచ్చిన రెండెకరాల మాన్యంతోనే అతని ఇల్లు గడిచేది.

శిక్ష వేసేది మునసబు మహానందిరెడ్డి. ఆయన చెడ్డవాడైతే నాకు ఈ కథ చెప్పడం సులువయ్యేది. కరువులో తన గాదె తెరిచి ఊరికంతా గంజి పోయించిన మనిషి. డోన్ చుట్టుపక్కల ఇళ్లకు తాళాలు లేని ఊరు మాదొక్కటే. ఆయన మాట న్యాయంగానే ఉండేది కాబట్టి, ఎదురు చెప్పాలని ఎవరికీ తోచేది కాదు. కంబన్నకైతే ఆయన దేవుడే.

యాభై రెండులో బావులన్నీ ఎండిపోయి, ఊరికీ, ఊరివాళ్లు అంటరానివాళ్లనే పేటకీ కలిపి వాగులో రెడ్డి తవ్వించిన చెలమ ఒక్కటే మిగిలింది. ఇంటికి రెండు కడవలే ముంచుకోవాలని ఆయన కట్టడి చేశాడు. పేటలో, చర్చిలో వాక్యం చదివే లేవి భార్య ఓబులమ్మ మూడో కడవ ముంచింది. పక్కింటి వరమ్మకు వచ్చిన నీళ్లు పురిటికే అయిపోయాయి, పసిబిడ్డను కడగడానికి చుక్క లేదు.

ఓబులమ్మను చావిడికి పిలిపించారు. ఊరంతా చేరింది. రెడ్డి కోప్పడలేదు.

"అడిగింటే నేనే ఇచ్చింటి గదా. అడగకుండా ముంచడమే తప్పు."

"మంచి చేసేదానికి గూడా నీ సెలవు కావాల్నా సామీ?" అంది ఓబులమ్మ. అని, తనే పోయి కొయ్య ముందర కూర్చుని కాళ్లు చాపింది.

రెడ్డి కంబన్న వైపు చూశాడు. కంబన్న సుత్తి తీసుకున్నాడు, చీల మీద ఆనించాడు, మళ్లీ కింద పెట్టేశాడు.

"నేను కొట్టను సామీ. మాట మీది, చేయి నాది."

మాన్యం పోతుందని రెడ్డి నిమ్మళంగానే చెప్పాడు. కంబన్న తన తలారి కట్టెను కూడా సుత్తి పక్కనే పెట్టాడు. రెడ్డి జనాన్ని చూస్తే జనం నేల చూశారు. చివరికి ఆయనే సుత్తి అందుకున్నాడు. కానీ చీల కొట్టాలంటే ఆ కాళ్ల దగ్గర గొంతుక్కూర్చోవాలి, అవి పేట మనిషి కాళ్లు. సగం వంగి ఆగిపోయాడు. సుత్తి వదిలేసి ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ కొయ్యలో మళ్లీ ఎవరి కాళ్లూ పడలేదు. మాన్యం మాత్రం చెప్పినట్టే పోయింది. కంబన్న డోన్ స్టేషన్లో మూటలు మోసి పిల్లల్ని సాకాడు. ఒకసారి అక్కడ కనబడితే, ఆ పొద్దు నువ్వు చేసింది గొప్ప పని అన్నాను. నాకు అతనంటే అంత గౌరవం మరి. అతను మూట దించి, అరచేతులు చూసుకున్నాడు.

"అంతకు ముందు పందొమ్మిది మందికి కొట్టినా గదప్పా. రెడ్డి కొట్టిస్తాండాడులే అనుకుంటాంటి. అప్పుడు గూడా ఈ చేయి నాదే."