తలుపు చెక్క మీద మా ఊరు

మా చిన్నప్పుడు... కారెంపూడి వీరుల తిరునాళ్ళ నుంచి తిరిగొచ్చిన మర్నాడే నేనూ సుశీలా యుద్ధం మొదలుపెట్టేవాళ్ళం. సుశీల పక్కింటి పిల్ల. రెండు దొడ్లకూ మధ్య గోడలో చిన్న దిడ్డి ఉండేది... దానికి గడియ పెట్టగా నేనెప్పుడూ చూడలేదు.

ఆ ఏడు, అంటే అరవైల మొదట్లో, మాకో పాత తలుపు చెక్క దొరికింది. దానిమీద బంకమట్టి పరిచి, నాపరాతి పెచ్చులతో గుట్టలు, తుమ్మపుల్లలతో చెట్లు, పగిలిన అద్దం ముక్కలతో వాగు పెట్టాం. ఆ వీరులు చేసిన వెనకటి యుద్ధం ఎలాంటి చోట జరిగిందో మాకేం తెలుసు? తెలిసింది మా ఊరొక్కటే... అందుకని దాన్నే కట్టేశాం. మా ఇల్లు, వాళ్ళ ఇల్లు, డొంక, డొంక పక్కన సుశీల వాళ్ళ గడ్డివాము. వాముకు నిజం గడ్డే పెట్టాం.

నా సైన్యం గురివింద గింజలు, దాని సైన్యం చింతగింజలు. గవ్వలు వేసి, ఎన్ని వెల్లకిలా పడితే అన్ని వేళ్ళ దూరం జరపాలి. సుశీల జిత్తులమారిది... తన మనుషుల్ని తీసుకెళ్ళి వాము వెనక దాచింది.

అప్పుడు ఊళ్ళో పంచాయతీ ఎలక్షన్లు. మా నాయనది ఒక పార్టీ, వాళ్ళ నాన్నది ఇంకో పార్టీ. ఆ దిడ్డిలోంచి అటూ ఇటూ తిరిగేది కోళ్ళూ, మేమిద్దరమే.

నాయన దొడ్లోకి వచ్చి చెక్క ముందు గొంతుక్కూర్చున్నాడు. ముందు నవ్వాడు... మేం మురిసిపోయాం. తర్వాత వాము మీద వేలు పెట్టాడు.

"ఏందే ఇది? మీ వాము ఎనక మనుషుల్ని పెట్టావేంది?"

"ఆడైతే మీవోళ్ళకి కనపడరుగా మావా," అంది సుశీల గొప్పగా.

"ఎవురు జెప్పారే నీకు?"

"ఎవురూ జెప్పలా. నాకే తెలుసు."

నాయన నమ్మలేదు. పిల్ల ఇంట్లో విన్నదే ఇక్కడ ఆడుతోందనుకున్నాడు. పొద్దు వాలేసరికి మా వాళ్ళు కర్రలు తీసుకుని ఆ వాము దగ్గరికి పోయారు. వెనక నిజంగానే మనిషి ఉన్నాడు... సుశీల వాళ్ళ బాబాయి. ఎద్దులకు గడ్డి పీకుతున్నాడు.

ఆయన కాలు మళ్ళీ సరిగ్గా నేలకు ఆనలేదు.

"ముందు జాగ్రత్త," అన్నాడు నాయన. చచ్చేదాకా అదే మాట. అనుమానం పెనుభూతమంటారు... ఆ భూతానికి మా ఆటే దొరికిందా అని నాకిప్పటికీ కడుపు మండుతుంది.

మర్నాడు సుశీల దిడ్డిలో నిలబడింది. "ఏమే... నేను ఆడ పెట్టబట్టేనా మా బాబాయిని కొట్టింది?" అంది. కాదే అని నేను అనేలోపే వాళ్ళమ్మ దాని రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. ఆ వారంలోనే దిడ్డిని రాళ్ళు పెట్టి పూడ్చేశారు.

ఇప్పుడు మా మనవడు థర్మాకోల్‌తో గుట్టలు చేసి, ప్లాస్టిక్ సైనికుల్ని నిలబెడుతుంటాడు. ఎంత ముచ్చటగా ఉంటాయో... "నానమ్మా, వీళ్ళనెక్కడ దాచను?" అని వాడు అడిగితే మాత్రం లేచి వంటింట్లోకి వెళ్ళిపోతాను.

మా ఊళ్ళో డొంక సిమెంటు రోడ్డయింది. వాములు పోయాయి. పార్టీలు మాత్రం చెక్కుచెదరలేదు.

పెద్దవాళ్ళ పగలు మింగేసిన ఆటలు మీకూ ఉన్నాయా? ఉంటే కింద రాయండి, చదువుతాను. మా ఆట ఇంకా సగంలోనే ఉంది... గవ్వలు వేయాల్సిన వంతు సుశీలదే.