వెదురు విమానం పక్కన మా వడ్ల కాక

మా వడ్ల కాక పోయాడన్న మాట ఒక టాంగావాలా తెచ్చాడు. భారత సైన్యం సంస్థానం సరిహద్దులు దాటిందని తెలిసి పాతబస్తీ అంతా తలుపులు మూసుకున్న రోజు అది. "విమానాల మైదానంల బాంబులు పడ్డయన్నా. మీ గల్లీ వడ్లాయన పోయిండు" అన్నాడు. నేను నమ్మలేదు. మంచాలు, బల్లలు చేసుకునే మనిషి మీద బాంబు పడడమేమిటి? నెలలు గడిచినా ఆ మాట నాకింకా లోపలికి దిగలేదు.

కాక మాకు చుట్టం కాదు. ఆయన ఇంటికీ మా బర్రెల కొట్టానికీ నడుమ ఒకటే గోడ. ఏ వస్తువు చేసినా ముందు తానెక్కి చూసేవాడు. మా పాల దుకాణానికి బల్ల చేసినప్పుడు దానిమీద గెంతాడు, చాలక నేను చిన్నమ్మ అని పిలిచే తన భార్యనూ ఎక్కమన్నాడు. ఆమె తిట్టుకుంటూనే ఎక్కింది. "మనిషి బరువు మొయ్యకుంటే గది చెక్కపనేంది?" అనేవాడు.

బయటినుంచి సరుకు రాక, కిరోసిన్ కూడా కరువైన రోజుల్లో ఫౌజు అధికారి ఒకాయన కాకను పనికి పిలిపించాడు. రాత్రిళ్లు ఎక్కడినుంచో విమానాల్లో తుపాకులు దిగుతున్నాయని హోటళ్లలో గుసగుసలాడేవాళ్లు. సంస్థానానికి సొంత యుద్ధ విమానాలు మాత్రం లేవు. అందుకని వెదురుతో, గుడ్డతో ఉత్తుత్తి విమానాలు చేసి మైదానంలో నిలబెట్టాలి. పైనుంచి వచ్చేవాళ్లు నిజమైనవనుకుని వాటిమీద బాంబులు వెయ్యాలి. కాక నవ్వుతూనే ఒప్పుకున్నాడు. "నా జిందగీల ఇరగ్గొట్టెతందుకే ఒకటి చేసుడు గిదే మొదలు" అన్నాడు.

ఒక సాయంత్రం మాత్రం నవ్వకుండా వచ్చాడు. చిన్నమ్మ అన్నం పెడితే చెయ్యి కడుక్కోలేదు.

"ఏమైంది కాకా?" అని అడిగాను.

"ఆ ఉత్తుత్తి విమానానికి పహారా పెట్టిన్రు. మీసాలు కూడా సరిగ రాని జవాను. 'గిదాని పక్కకు మనిషెందుకు సాబ్' అంటే, 'పహారా లేకుంటే విమానమని ఎవరు నమ్ముతరు' అన్నడు."

"మనమేం చేస్తం కాకా."

 పని అయిపోయినా కాక మర్నాటి నుంచి మళ్లీ మైదానానికి వెళ్లడం మొదలుపెట్టాడు. రెక్క వంగింది, గుడ్డ తడిసింది అని చిన్నమ్మకు రోజూ ఏదో ఒకటి చెప్పేవాడు.

అవి సాకులని మాకు తెలిసింది ఆయన పోయాకే. సంస్థానం లొంగిపోయిన కొద్దిరోజులకు ఆ జవాను కాక ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. గోల్కొండ దిక్కు ముస్లిం పిల్లాడు. గడప బయటే నిలబడి చెప్పాడు.

"నన్ను రోజూ దూరం తోలుకపోయెటోడమ్మా. గీ బొంగు పట్టు, గా తాడు తే అని. ఎందుకో నాకు సమఝ్ కాలే. ఆ పొద్దుగాల గోడకాడ ఉన్నం. విమానాలచ్చినయ్. నా జగా నేనిడిస్తే కోర్టుమార్షల్ అని మల్ల ఉరికిన. ఎనక ఉరికొచ్చి నన్ను మోరీ కాల్వల తోసిండు. ఆయన దిగనే లేదు. అంతా ఆయన మీదనే కూలింది."

చిన్నమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె మాత్రం అతని చేతులవైపే చూసింది. కాక మీద పడ్డ వెదురును ఆ చేతులతోనే లాగినట్టున్నాడు. అరచేతుల్లో పేళ్లు విరిగి, వాచి, చీము పట్టాయి.

"లోపలికి రా బిడ్డా" అంది.

అతన్ని వాకిట్లో ఎండ పడే చోట కూర్చోబెట్టింది. సూది తెచ్చి, చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క పేడూ తీయడం మొదలుపెట్టింది. అతను పళ్లు బిగించి మొహం పక్కకు తిప్పుకున్నాడు. "జర ఓర్చుకో, అయిపాయె" అంటూ ఆమె వాచిన చేతిమీద ఊదుతూనే ఉంది.