కరెంటు పోయిన ఆదివారం

మొన్న శంషాబాద్ విమానాశ్రయంలో ఫ్లైట్ కోసం కూర్చుంటే, పక్కాయన ఫోన్‌లో మన చిన్నప్పటి ఆదివారం ప్రోగ్రాం కనిపించింది. గుర్తుందా? పాతకాలపు యంత్రాలను మళ్లీ తయారుచేసి, నిజంగా పనిచేస్తాయో లేదో పరీక్షించేవారు.

మా ఊరు పాల్మాకులలో మా వీధికంతా టీవీ నా దోస్తు సలీం ఇంట్లోనే ఉండేది. కోటగోడలు పగలగొట్టడానికి రాళ్లు విసిరే యంత్రం చూపిస్తుండగా కరెంటు పోయింది. చూసిన సగంతోనే నేనూ సలీం పాత ఎడ్లబండి నొగ కర్ర, ట్రాక్టర్ ట్యూబు తెచ్చి వాళ్ల పెరట్లో అలాంటిదే కట్టాం. నొగను తాడుతో కిందికి లాగి నేను పట్టుకున్నాను. తాడు వదిలే ముందు అందరూ గోడ చాటుకు పోవాలట. ఆ ముక్క మిగతా సగంలో ఉందని మొన్నే చూశాను.

"అరే నవాబ్, జర ఆగు! రాయి పెడుతున్న" అన్నాడు సలీం నాతో. అప్పటికే నా చేతిలోంచి తాడు జారింది. నొగ లేచి అతని దవడకు తగిలింది. రెండు పళ్లు మట్టిలో పడ్డాయి.

వాళ్ల నాన్న బెల్టు తీసుకుని వచ్చాడు. "తాడు ఎవడు ఇడిచిండు? గీ పోరడేనా? ఇగ వీన్ని మా గడప తొక్కనియ్య!"

సలీం నెత్తురు ఉమ్మి, "నేనే ఇడిచిన అబ్బా" అన్నాడు.

బెల్టు అతని వీపు మీద నాలుగుసార్లు పడింది. ఆ తర్వాతే దవాఖానకు తీసుకెళ్లారు.

మరుసటి ఆదివారం వెళ్లి వాళ్ల గుమ్మం బయట నిలబడ్డాను. దవడకు కట్టుతో సలీం టీవీ ముందు కూర్చున్నాడు. మాట్లాడలేడు. కొంచెం పక్కకు జరిగి, చాప మీద చేత్తో తట్టాడు.