సుబున్ వదిన చెప్పిన పాఠాలు

సముద్రం వెనక్కి పోగానే మా బొల్గ్యో ఊరి ఆడవాళ్లం బురదలోకి దిగుతాం. పొడుగాటి చెక్క పలక మీద ఒక మోకాలు ఆనించి, రెండో కాలితో తోసుకుంటూ గుల్లలు ఏరుకుంటాం. ఆ పనిలో పక్కింటి తాక్ సుబున్ వదినను మించినవాళ్లు లేరు. నోటి దురుసులోనూ అంతే. బడి ముఖం చూడని ఆ మనిషి కోడలికి దేశం గురించి పాఠాలు చెప్పిందంటే నాకిప్పటికీ ముచ్చటేస్తుంది.

కోడలు థామ్ వియత్నాం పిల్ల. మొగుడు పడవ మునిగి పోయాడు. ఇక్కడి పౌరసత్వం రావాలంటే అధికారి అడిగినవన్నీ చెప్పాలి, జాతీయ గీతం పాడాలి.

"రాజధాని ఏదే?" బురదలోనే వదిన అరిచేది.

"సియోల్, అత్తమ్మా."

"మన అక్షరాలు పుట్టిన పండుగ ఏ నెల?"

"సెప్టెంబరు..."

"నీ మొహం! అక్టోబరు. ఆ అక్షరాలు నాకెలాగూ రాలేదు, నీకు పండుగైనా తెలియాలి కదే!"

గీతం మాత్రం పెళ్లిలో తాగి పాడే పాటలా ఊగుతూ నేర్పింది.

నాకు ఒళ్లు మండేది. "మతుందా వదినా? కార్డు చేతికి రాగానే సియోల్ బస్సెక్కేస్తుంది. ముసలితనంలో నీకెవరు దిక్కు?"

"పోతే పోనీవే. కొడుకు పోయాడని దీన్ని కట్టేసుకుంటానా? ఉంటే ఇష్టపడి ఉండాలి."

గట్టిగానే అంది. కానీ ఆ రోజు ఆమె బుట్ట సగమే నిండింది.

థామ్ పరీక్ష నెగ్గింది, కార్డూ వచ్చింది. ఆ పాట విని అధికారి నవ్వాపుకోలేకపోయాడట.

కొన్నాళ్లకు ఒక పొద్దున థామ్ మంచి బట్టలు వేసుకుని, చెప్పాపెట్టకుండా బస్సెక్కింది. వదిన పనికి రాలేదు. సాయంత్రం దాకా అరుగు మీదే కూర్చుంది, నేను పెట్టిన అన్నం ముట్టలేదు.

చీకటి పడబోతుండగా థామ్ బస్సు దిగి వచ్చింది.

"కోర్టుకెళ్లాను అత్తమ్మా. కొత్తగా పౌరులైనవాళ్లు ఇక్కడి ఇంటిపేరు పెట్టుకోవచ్చట. పెట్టుకోవడానికి అర్జీ ఇచ్చాను."

"మీ ఆయనదేగా?" అన్నాను.

"కాదు పిన్నీ. అత్తమ్మది, తాక్. ఇంటిపేరుతో పాటు వంశం మొదలైన ఊరూ రాయాలట, బొల్గ్యో అని రాశాను."

మా దగ్గర పెళ్లయినా ఆడదాని పుట్టింటి పేరు మారదు, కానీ పిల్లలకు తండ్రిదే వస్తుంది, ఆమెది ఆమెతోనే మట్టిలో కలుస్తుంది. కన్న కొడుక్కి కూడా వదిన ఇంటిపేరు రాలేదు.

వదిన అరుగు మీంచి లేచింది.

"తాక్ థామ్," అని పిలిచి చూసుకుంది. "ఇంకా వాకిట్లో నిలబడ్డావేంటే? చెప్పులు విప్పి లోపలికి రా."